అక్క చేలో నీళ్ళెన్ని?

ప్రియమైన అక్కకి,

ఫోనెత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చించేసే ముందు ఒక్కసారి చదువు.

నాకు పిచ్చెక్కేలా ఉంది. ఉపగ్రహం తీసిన ఫొటోలో నీ చేను పచ్చగా ఉంది. ఆ పచ్చదనం, కురిసిన వాన, వేసిన పైరు, ఈ మూడూ కంప్యూటర్‌కి ఇస్తే మట్టిలో ఇంకా ఎంత నీరు దాగుందో లెక్కగట్టి చెబుతుంది. నీ చేలో కావలసినంత ఉందంటోంది. నువ్వేమో పైరు వాడిపోతోందని ఫోన్లో ఏడ్చావు. ఎన్నిసార్లు తిరగేసినా అదే జవాబు. అదైనా తప్పు చెప్పాలి, నువ్వైనా తప్పు చెప్పాలి కదా! ఎవరో తేలక తిండి సయించడం లేదు.

తడి ఉన్న చేలకు ఈ విడత కాలువ నీళ్ళు ఆపేస్తారు. ఆ చేల జాబితా వచ్చేవారం నేనే పంపాలి. మా ఆఫీసరు గారు, "చుట్టరికం పక్కన పెట్టమ్మా" అనేశారు. నీ చేను తీసేస్తే సొంతవాళ్ళకి దోచిపెట్టానంటారు. ఉంచితే నీ పంట పోతుంది. నిజం చెప్పనా? ముందుగా నీళ్ళు రాబట్టుకోవడానికి నాటకమాడుతున్నావేమో అని కూడా అనిపించింది. సిగ్గేసింది, అనుమానం మాత్రం పోలేదు. పొద్దుతిరుగుడు వేరు నడుము లోతుకి దిగుతుంది, అక్కడ తడి ఉంది. మరి ఎందుకు వాడిపోతోంది? నువ్వే చెప్పు.

ఏమీ పాలుపోని
నీ చెల్లి

~

నా మొద్దు చెల్లికి,

నాటకమా! ముందు నిన్ను నోరారా తిట్టుకుని, తరవాత గునపం పట్టుకుని చేలోకి వెళ్ళాను. పైన జానెడు మట్టి పొడిపొడిగా రాలింది. ఇంకా తవ్వితే నీ కంప్యూటర్ చెప్పినట్టే చల్లటి తడి తగిలింది. అదీ అబద్ధమాడలేదు, నేనూ ఆడలేదు.

కానీ పొద్దుతిరుగుడు ఎక్కడిదే? ఈసారి నేను ఉల్లి వేశాను. దాని వేళ్ళు జానెడు దాటవు. కింద ఎన్ని నీళ్ళుంటే దానికేం లాభం?

విత్తనాల రోజుల్లో నువ్వు రైతులందరికీ ఫోన్ చేసి, "ఈసారి ఏం వేశారండీ?" అని అడిగి రాసుకున్నావట. పక్కచేను ఆయన మొన్నామధ్య చెప్పాడు. నాకు ఆ ఫోన్ రాలేదు. మన అక్కే కదా, ఎప్పుడూ వేసేదే వేసుంటుందిలే అని నీ అంతట నువ్వే రాసేసుకుని ఉంటావు. అది తెలిసిన దగ్గర్నుంచే నీతో మాట్లాడబుద్ధి కాలేదు. పరాయివాళ్ళ పాటి కూడా కాలేకపోయానే అని చాలా బాధేసింది.

జాబితా పంపేలోపు నీ లెక్కలో ఉల్లి అని మార్చు, పైరు దక్కుతుంది. కానీ ఈ ఉత్తరం చూసి మార్చకు. అందరినీ అడిగినట్టే నాకూ ఫోన్ చేసి అడిగి మార్చు, ఈసారి ఎత్తుతాను.

నీ అక్క