జర్మన్ బండికి నేను చేసిన మార్పుల విషయమై

ఫిబ్రవరి 26. పడమటి గాలి. తెల్లవారినప్పటి నుంచి పైకప్పు రేకులు మోగుతూనే ఉన్నాయి. వర్క్‌షాపు గుమ్మంలోకి కొట్టుకొచ్చిన ఇసుక ఊడ్చి బయట పోశాను.

పై రెండు వరుసలూ అర్జీలోనివి కావు. రోజువారీ లెక్క అలా మొదలుపెట్టడం అలవాటై, చెయ్యి తనంతట తానే రాసేసింది. మరో కాగితం తీసుకుంటే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం ఉంటుందో లేదోనని దీనిమీదే కొనసాగిస్తున్నాను. మన్నించగలరు.

లగూనా ఓవెరా పురపాలక సంఘం, లైసెన్సులు, వాహన తనిఖీల అధికారి గారి సముఖమునకు, అదే ఊరి దక్షిణపు చివర మోటారు సైకిళ్ళ వర్క్‌షాపు నడుపుకునే ఎవారీస్తో కురిన్యాంకో చేసుకునే మనవి.

అయ్యా,

విషయం: శ్రీ రెమీహియో ఒయార్సో గారి పెద్ద మోటారు సైకిలును వచ్చే మంగళవారపు తనిఖీలో తిరస్కరించవలసిందిగా కోరుట గురించి.

సదరు రెమీహియో గారు నాకు శత్రువు కారు. ఆయన పెద్దకొడుకు బాప్తిస్మం నాడు జ్ఞానతండ్రిగా బిడ్డను చేతుల్లో పట్టుకున్నవాణ్ణి నేను. ఆనాటి నుంచి ఆయనకు నేను, నాకు ఆయన కొంపాద్రే. ఆయన భార్య ఎర్సీలియా గారు నాకు కొమాద్రే. ఈ అర్జీ పెడుతున్నట్టు వారిద్దరికీ తెలియదు. తమరు కూడా తెలియనీయవద్దని మొదటనే ప్రార్థిస్తున్నాను.

1. ఆయనది జర్మన్ బండి, నాది జపాన్ బండి. రెండూ దూరప్రయాణాలకు కట్టినవే. పెద్ద ట్యాంకు, పక్కన రేకు పెట్టెలు, ముందు గాలిని చీల్చే అద్దం. ఆదివారం మధ్యాహ్నం ఆయన పెరట్లో గొర్రెమాంసం కాలుతున్నంతసేపూ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి ఏది మేలో తేల్చుకోవడం మా అలవాటు. ఇంతవరకు తేలలేదు.

"నీ గొలుసుకి నూనె పెట్టుకోవడంతోనే సగం ఆయుష్షు అయిపోయింది కొంపాద్రే. నాకు గొలుసే లేదు, షాఫ్టు. ఎక్కడం, పోవడం, అంతే."

"గొలుసు తెగితే కంకర రోడ్డు మీదే కూర్చుని వేసుకుంటాను. నీ షాఫ్టు పోతే జర్మనీకి ఉత్తరం రాసుకో."

"నీ బండి తేలికంటావు గానీ, గాలి కొడితే కాగితంలా ఎగురుతుంది. నాది చూడు, రాయి!"

"ఆ రాయి పడితే లేపడానికి ఊరంతా రావాలి."

"పడితే కదా!"

ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, ఆయన బండిని తిరస్కరించమని నేను కోరడంలో ఆ పాత పోటీ ఏమీ లేదని తమరు గ్రహించాలి. జర్మన్ బండి మంచి బండి. ఈ మాట ఆయన ఎదుట ఎన్నడూ అనలేదు.

2. సదరు బండికి గత శీతాకాలం నుంచి ఈ క్రింది మార్పులు నా చేతులతో చేశాను.

(అ) యాక్సిలరేటరు పిడికి ఒక రేకు బిగించాను. వేళ్ళతో పట్టుకోనవసరం లేదు. అరచెయ్యి దానిమీద ఆనించి నొక్కితే చాలు, బండి పోతుంది.

(ఆ) ముందు బ్రేకు లీవరును పిడికి బాగా దగ్గరగా తెచ్చి, ఒక్క వేలి బరువుకే పట్టేంత మెత్తగా చేశాను.

(ఇ) అది కూడా చాలక, కాలి బ్రేకు తొక్కితే ముందు చక్రం కూడా ఆగేలా గొట్టం కలిపాను. తయారైన నాటి బ్రేకు అమరికను మార్చిన బండి రోడ్డెక్కరాదని తమ కార్యాలయపు గోడమీది నియమాల్లో ఉంది. తెలిసే చేశాను.

(ఈ) కుడివైపు ఉండవలసిన స్విచ్చులన్నీ ఎడమవైపుకు మార్చాను.

తమరు ఇవి చదివిన వెంటనే గ్రహించి ఉంటారు. నేను మాత్రం ఒక్కొక్కటీ బిగిస్తూ దూరప్రయాణంలో సుఖం కోసమని చెప్పాను. ఆయనా అదే చెప్పుకున్నారు. ఆయన కుడిచేతికి పట్టు పోయింది. దేన్ని పట్టుకుందో ఆ చేతికి తెలియడం లేదు. మొదటిసారి నా వర్క్‌షాపులో ఆయన చేతిలోంచి స్పానరు జారిపడినప్పుడు "నూనె చేతులు" అన్నారు. నేను తుడుచుకోమని గుడ్డ ఇచ్చాను. ఆ చేతులు పొడిగా ఉన్నాయి.

అప్పుడు గుడ్డ ఇవ్వకుండా ఉండవలసింది.

3. ఇందువల్ల కలిగిన మరో నష్టం ఏమనగా, ఆయన ఆదివారాల్లో ఈ మార్పులను గొప్పగా చూపించుకోవడంతో ఊళ్ళో చేతులు నిక్షేపంగా ఉన్న కుర్రకారు కూడా అవే కావాలని నా దగ్గరికి వస్తున్నారు. దక్షిణపు కొసన ఉన్న ఉషువాయా వెళ్తూ ఆగిన బ్రెజిల్ దంపతులు ఆ అరచేతి రేకును ఫొటో తీసుకుని, తమ బండ్లకు కూడా పెట్టించుకుని, నన్ను కళాకారుడన్నారు. కాదనలేదు.

4. ఇక అసలు సంగతి. ఈ నెల మొదట్లో మేమిద్దరం దక్షిణం నుంచి ఊరికి తిరిగి వస్తున్నాం. ఆయన ముందు, నేను వెనుక. పడమటి గాలి ఎడమపక్క నుంచి కొడుతోంది కాబట్టి ఇద్దరం బండ్లను ఎడమకు వాల్చి నడుపుతున్నాం. ఇక్కడ పుట్టిపెరిగినవాళ్ళకు అది నడక లాంటిది. ఎదురుగా ఉన్ని బేళ్ళ ట్రక్కు వచ్చింది. ట్రక్కు పక్కకు రాగానే గాలి ఆగిపోతుందని, వాలి ఉన్న బండి దాని చక్రాల వైపు లాగుతుందని, ఆ క్షణంలో కుడిచేత్తో హ్యాండిలును ముందుకు నెట్టి నిలబెట్టుకోవాలని తమకు చెప్పనక్కరలేదు. రెమీహియో గారు నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

ఆయన నెట్టలేదు. చెయ్యి రేకు మీదే ఉంది, నేను చూశాను. బండి మధ్యగీత దాటింది. ట్రక్కు తోకభాగం ఆయన ఎడమ పెట్టెను గీసుకుంటూ పోయింది. ఆ వెంటనే గాలి మళ్ళీ తగిలి ఆయన్ను ఈవలికి నెట్టింది. గాలి నెట్టబట్టి బతికారు.

ఆదివారం పెరట్లో అందరి ముందూ ఆయన అన్నారు: "అబ్బో, ఏం గాలి దెబ్బ అది! చూశావుగా కొంపాద్రే?"

"చూశాను. పెద్ద గాలి," అన్నాను.

5. ఆయన వచ్చే నెల ఎర్సీలియా గారిని వెనుక కూర్చోబెట్టుకుని ఎస్కెల్‌లో ఉన్న ఆమె చెల్లెలి దగ్గరికి వెళ్ళడానికి నిశ్చయించుకున్నారు. దారంతా ఇదే గాలి, ఇవే ట్రక్కులు. గీసుకుపోయిన పెట్టెను సరిచేసి తెచ్చిన రోజు ఆమె నన్ను గేటు దగ్గర ఆపారు.

"కొంపాద్రే, బండి బాగానే ఉందా?"

"బాగుంది కొమాద్రే."

"నిజంగా?"

"బండికేం, కొత్తదానిలా ఉంది."

అయ్యా, ఆ జవాబులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందుకే దాన్ని మరచిపోలేకపోతున్నాను.

ఆయనతోనే సూటిగా చెప్పవచ్చు గదా అని తమరు అడగవచ్చు. తల్లి పోయినప్పుడు కూడా ఆ మనిషి బండి మీద పంపా మైదానంలోకి వెళ్ళి, సాయంత్రానికి మనిషై తిరిగొచ్చారు. ఇక నువ్వు బండెక్కకూడదు అనే మాట నా నోటితో ఆయన చెవిన వెయ్యడం నావల్ల కాలేదు.

కావున తమరు దయతో మంగళవారం నాడు సదరు బండిని పై మార్పుల కారణంగా తిరస్కరించి, తప్పంతా నా వర్క్‌షాపుదేనని వ్రాసి, జరిమానా నాకే విధించవలెను. వర్క్‌షాపు మూయించినా అభ్యంతరం లేదు. ఆయన నన్ను తిట్టుకోవాలి గానీ తన చేతిని తిట్టుకోకూడదు.

ఇక్కడిదాకా రాసేసరికి బయట జర్మన్ బండి చప్పుడు వినిపించింది. కాగితాల మీద స్పానర్ల పెట్టె పెట్టాను. రెమీహియో గారు హెల్మెట్‌తోనే లోపలికి వచ్చి, గడ్డం పైకెత్తి నిలబడ్డారు. పట్టీ విప్పాను. కొన్నాళ్ళుగా అది నేనే విప్పుతున్నాను. మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"ఏం రాస్తున్నావ్?"

"లెక్కలు."

"నీ లెక్కలు చదివితే పన్నులవాడు కూడా గురకపెడతాడు. ఇటు విను. మంగళవారం ఆ ఇన్‌స్పెక్టరు నా బండి వద్దన్నాడనుకో..."

"ఎందుకంటాడు?"

"ఏమో! కాయితాలు చూసుకునేవాడికి బండేం తెలుసు? అన్నాడంటే మాత్రం నీ జపాన్ బండి నాకివ్వాలి. ఎర్సీలియాకి మాటిచ్చేశాను. నీ గొలుసుకి రోజూ నూనె కూడా పెడతా. చూశావా, ఎంతకి దిగజారానో!"

"నాది ఎత్తు బండి. నీ కాళ్ళు నేలకందవు."

"అయితే దించు. నీకు రాని పనేముందోయ్?"

నేను నవ్వి సరే అన్నాను. అవును, సరే అన్నాను. ఆయన నన్ను గట్టిగా కౌగిలించుకుని వెళ్ళిపోయారు. ఈ మధ్య ఆయన ఎవరితోనూ చెయ్యి కలపరు, అందరినీ కౌగిలించుకుంటున్నారు. వయసు మీదపడి ప్రేమ పెరిగిందని ఊళ్ళో అంటున్నారు.

నా బండికి అరచేతి రేకు లేదు. బ్రేకు లీవరు మొండిది. ఆమె దానిమీద ఆయన వెనుక కూర్చుంటే ఏమవుతుందో రాయలేను.

కావున పైన చేసుకున్న ప్రార్థనను ఇందుమూలముగా ఉపసంహరించుకుంటున్నాను. విషయం అని రాసిన వరుసను కూడా కొట్టివేసినట్టుగా భావించగలరు. తమరు బండిని చూడవద్దు. మనిషిని చూడండి. తమ తనిఖీలో కళ్ళు పరీక్షిస్తారు. ఆయన కళ్ళకు దూరాన మేసే గ్వానాకో కూడా చెవులతో సహా కనిపిస్తుంది, అక్కడ ఏమీ దొరకదు. ఆయన లోపలికి రాగానే తమరు కుర్చీలోంచి లేచి చెయ్యి చాపండి. ఆయన కౌగిలించుకోబోతే ఒక అడుగు వెనక్కి వేయండి. ఆ కుడిచేతిని తమ చేతిలోకి తీసుకుని గట్టిగా నొక్కమనండి. అంతకంటే పరీక్ష అక్కరలేదు. ఆపైన వైద్యుడి సర్టిఫికెట్టు తెచ్చేవరకు లైసెన్సు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇప్పించండి. ఉత్తర్వు ఉంటే ఆయన ఆసుపత్రికి వెళ్తారు, లేకపోతే వెళ్ళరు. ఆ చేతికి ఏమైందో, దానికి మందుందో లేదో మాకెవరికీ తెలియదు. అడగకుండా ఉండటానికి నేను రేకులు బిగిస్తూ పోయాను.

ఎవరు రాశారని ఆయన అడిగితే, నేనని చెప్పండి. తెలియనీయవద్దన్న మాట కూడా ఉపసంహరించుకుంటున్నాను.

కొట్టివేతలతో, తిరగరాతలతో ఉన్న ఈ అర్జీని తమరు ఉన్నది ఉన్నట్టుగానే చిత్తగించవలెను.

స్నేహితుడి వెనుక ఇలా రాస్తున్నందుకు తలెత్తలేని,
తమ విధేయుడు,
ఎవారీస్తో కురిన్యాంకో

తా.క. సంతకం పెట్టి కవరు కోసం వెతుకుతుండగా ఎర్సీలియా గారు వచ్చారు. వెనుక సీటుకు వీపు ఆనించుకునే దిండు కుట్టుకున్నారట, సరిపోతుందో లేదో చూడమన్నారు. మాతే ఆకు తేనీటికి నీళ్ళు పొయ్యిమీద పెట్టాను. ఆమె దిండు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ అదే అడిగారు, బండి బాగుందా అని.

ఈసారి స్పానర్ల పెట్టె జరిపి కాగితాలు ఆమె చేతికిచ్చాను. ఈ ఆఖరి కాగితం మాత్రం నా దగ్గర ఉంచుకుని, పని ఉన్నవాడిలా ఇది రాస్తున్నాను. ఆమె కోటు కూడా విప్పలేదు. ట్రక్కు సంగతి రాసిన చోట ఆగి, ఆ కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివారు. తరవాత కళ్ళజోడు తీసి దిండుతో తుడుచుకున్నారు.

"మాంసం కోస్తుంటే ఆయన చేతిలోంచి కత్తి జారింది. పిడి జిడ్డుగా ఉందిలే అన్నాను. మాతే గిన్నె జారితే కుక్క తగిలిందన్నాను. దాన్ని ఒకటి కొట్టాను కూడా, పాపిష్టిదాన్ని."

ఆమె కాగితాలు దిండు మీద పెట్టారు.

"బండి బాగుందా, బండి బాగుందా అని నీ ప్రాణం తీసింది ఎందుకనుకున్నావు? ఒక్కసారి బాగాలేదంటావేమోనని. నువ్వంటే, నేను చెప్పక్కర్లేకుండా పోయేది."

"మీకు తెలియదనుకున్నాను కొమాద్రే."

"పక్కలో పడుకునేదాన్ని నాకు తెలీదా! చాల్లే, ఇద్దరం ఇద్దరమే. పెన్ను ఇటు తే. నీ ఒక్కడి సంతకం చూస్తే, జపాన్ బండివాడి కుళ్ళు అంటాడు ఆయన. నాది కూడా ఉంటే ఏమనలేడు."

పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మరిగిన నీళ్ళు మాతేకి పనికిరావు, వెంటనే దించాలి. కానీ ఆమె చాపిన చెయ్యి ఇంకా తియ్యలేదు కాబట్టి, ముందు పెన్ను ఆమెకు