పెద్దకడుబూరులో తెల్లచీర

ఆగస్టు 2, 1955

ఎమ్మిగనూరు ప్రసూతి కేంద్రంలో నర్సుగా చేరి నెల కావస్తోంది. ఈ రోజు కూడా పెద్దకడుబూరు గేరికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఆఫీసులో హరిజనవాడ అంటారు, అక్కడివాళ్లు గేరి అంటారు. నేను సందు మలుపు తిరగ్గానే తలుపులు టపటపా పడ్డాయి. మా అవ్వ పుట్టింది అలాంటి గేరిలోనే. నన్ను చూసి తలుపేసుకుంటారా! బ్యాగుంది, స్టవ్ ఉంది, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన యూనిఫాం ఉంది. కడుపుతో ఉన్న మనిషి ఒక్కతె కనబడితే ఒట్టు.

ఆగస్టు 9

గేరికి చెందిన హుసేనప్ప బస్సు దగ్గర ఆపాడు. పెళ్లాం సిద్దమ్మకు ఎనిమిదో నెలట. ముందు ఇద్దరు పుట్టి పోయారట. కాళ్లు పొంగినాయి సిస్టరమ్మా, కండ్లు మసకలంటాది అన్నాడు. బీపీ చూడకపోతే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరు.

పరుగున వెళ్లాను. గడపలో తిప్పమ్మ అడ్డంగా కూర్చుంది. హుసేనప్ప తల్లి, గేరికంతా మంత్రసాని. నీకు దండం పెడతా, ఈడ నిలబడొద్దు తల్లీ అంది. సూది వేయనన్నాను. కదల్లేదు. ఒళ్లు మండింది.

ఆగస్టు 10

ఇంకా చూడని ఆ సిద్దమ్మ పొంగిన కాళ్లే కళ్ల ముందు.

ఆగస్టు 11

మళ్లీ తిప్పమ్మ గడపకే వెళ్లాను. ఈసారి గట్టిగానే అరిచాను. నేనేం పాపం చేశానో చెప్పమన్నాను. తిప్పమ్మ బావురుమంది. మొగుడు పోయినోళ్లు కట్టే తెల్లచీరతో కడుపుతో ఉండే బిడ్డ గడపలోకి వస్తాండావు కదమ్మా, ఈ బిడ్డ కూడా పోతే నేను యాడ మొగం పెట్టుకునేది అంది. ముందే చెప్పి చావొచ్చుగా అన్నాను. ఇంత సిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుంటివి, నీతో ఎట్ల సెప్పేది అంది.

నాకింకా పెళ్లే కాలేదు!

గేరి అంతా నన్ను చూసి జాలిపడుతోందన్నమాట. మా క్రైస్తవుల్లో పెళ్లికూతురు కట్టేదే తెల్లచీర. మా అమ్మా అదే కట్టింది. నాకీ సంగతి తట్టనే లేదు. బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను. కండక్టర్ వింతగా చూశాడు.

ఆగస్టు 12

మగ్గాల వీధిలో ఎర్రచీర కొన్నాను. గాజులు కూడా. అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉన్నాను.

ఆగస్టు 13

తలుపు తెరిచారు!! తిప్పమ్మ తలలో పూలు పెట్టింది. బొట్టు మాత్రం వద్దన్నాను. సిద్దమ్మకు ఇరవై ఏళ్లుండవు. బీపీ బాగా ఎక్కువ. పైగా బలమొస్తుందని తిప్పమ్మ రోజూ ఉప్పు మిరపకాయలు తినిపిస్తోంది. మానిపించాను. ఆదోని ఆస్పత్రిలో ఉంచాల్సిందే అన్నాను. నువ్వు పక్కన ఉంటే వస్తాము అన్నారు.

ఆగస్టు 14, సాయంత్రం

ఆదోని ఆస్పత్రి గేటు దాకా బాగానే వచ్చాం. లోపల ఎటు చూసినా తెల్లచీరలే. ఇంతమంది ముండమోసినోళ్లా అంటూ తిప్పమ్మ బండి తిప్పమంది. ఎద్దుల ముందు అడ్డంగా నిలబడ్డాను. బండి కదలనియ్యొద్దని హుసేనప్పకు చెప్పి లోపలికి పరిగెత్తాను.

డాక్టర్ శాంతాబాయికి సంగతంతా రొప్పుతూ చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ తెల్లకోటు విప్పి కుర్చీ మీద పడేసింది. లోపల ఆకుపచ్చ చీర. అలాగే బండి దగ్గరికొచ్చి సిద్దమ్మ చెయ్యి పట్టుకుని దింపింది. వార్డులో సిస్టర్లకు ఆస్పత్రి ఎర్ర కంబళ్లు కప్పుకోమని హుకుం. ఈ ఉక్కలో! అందరూ నన్ను తిట్టుకుంటూనే కప్పుకున్నారు. తిప్పమ్మ ఒక్కొక్కరినీ పరకాయించి చూసి, సరే, రాయే సిద్దీ అంది.

సెప్టెంబర్ 1

ఆడపిల్ల. పుట్టగానే వార్డు అదిరేలా ఏడ్చింది. సిద్దమ్మ క్షేమం. నేనూ ఏడ్చాను, సిగ్గులేదు. తిప్పమ్మ వరండాలో చిందులేసింది. కంబళ్లలో చెమటలు కక్కుతూ సిస్టర్లు చప్పట్లు కొట్టారు.

అక్టోబర్ 6

ఇప్పుడు గేరిలో నాకంటే ముందు తిప్పమ్మ నడుస్తుంది. రాండే, రాండే, ఎర్రసిస్టరమ్మ వచ్చినాది అని కేకేస్తుంది. బ్లేడు మరిగించందే బొడ్డు కోయనని ఒట్టేసింది. ఎవరికీ చెప్పుకోలేని జబ్బులన్నీ ఇప్పుడు నా చెవిలో చెబుతున్నారు. భీమక్కకు ఆరుగురు పిల్లలు. ఇంగ సాలు, ఏమన్నా దారుండాదా అని అడిగింది. ఉందన్నాను. ఆమె మొహం చూడాలి! ఆ తర్వాత అందరూ కలిసి నాకు పెళ్లికొడుకును వెతికే పనిలో పడ్డారు.

నవంబర్ 8

కర్నూలు నుంచి ఇన్‌స్పెక్షన్, గేరి దాకా వచ్చారు. నీ తెల్ల యూనిఫాం ఏదమ్మా అని పెద్దాయన అడిగారు. నేనిచ్చేస్తే, బాగా మెత్తబడిందని తిప్పమ్మ చించి బాలింతలకు పంచిందన్నాను. ఒక ముక్క సిద్దమ్మ కూతురి కింద ఉంది, చూపించాను.

తడిసి ఉంది.