జబ్బు లేని పగడం

మార్చి 4

మా గైడ్ సార్ ఇవాళ కూడా నవ్వారు. అందరూ జబ్బు పడ్డ పగడాల వెంట పడుతుంటే, నువ్వేంటమ్మా నిక్షేపంగా ఉన్నవాటి మీద పడ్డావు అన్నారు. బాగున్నప్పుడు వాటి మీద ఏ బాక్టీరియా కాపురముంటోందో తెలిస్తేగా, జబ్బు పడ్డాక ఏది ఖాళీ చేసిందో తెలిసేది అన్నాను. సరే కానియ్ అన్నారు. అదే పర్మిషన్ అనుకున్నాను.

మార్చి 11

మా అక్క డైవర్. సముద్రం అడుగుకు తనే తీసుకెళ్లింది. గుమ్మడికాయంత పగడం, గోధుమరంగు. దాని మీది జిగురును దూదిపుల్లతో తుడిచి తెచ్చాను. నీ మొగుణ్ణి కూడా ఇంత సుకుమారంగా చూసుకోవే నువ్వు అని ఏడిపించింది అక్క.

ఏప్రిల్ 2

ఆ జిగురు పూసిన ప్లేట్లలో మిగతావన్నీ ఎప్పుడో బాక్టీరియాతో నిండిపోయాయి. ఒక్కటి ఖాళీ. పారేద్దామని తీసి వెలుతురుకు పెడితే, లేత నారింజ చుక్కలు. ఆవగింజలో సగం కూడా లేవు.

ఏప్రిల్ 19

ఆ చుక్కల డీఎన్ఏ సీక్వెన్స్ వచ్చింది. తెలిసిన ఏ బాక్టీరియా జాతితోనూ సరిపోలడం లేదు. మళ్లీ చూశాను. లేదు. క్యాంటీన్‌లో ఒక్కదాన్నే కూర్చుని టీ చల్లార్చుకున్నాను.

ఏప్రిల్ 20

అమ్మకు చెప్పాను. జబ్బు తెస్తుందా అంది. లేదు. తగ్గిస్తుందా? తెలీదు. మరేం చేస్తుందే? ఉంటుందమ్మా, అంతే అన్నాను. మీ నాన్నలాగన్నమాట అంది.

మే 8

చచ్చిపోయింది.

మే 9

నిన్న అంతకంటే రాయలేకపోయాను. కొత్త ప్లేట్లకు మార్చినదేదీ పెరగలేదు. ఫ్రీజర్‌లో దాచినదీ లేవలేదు. ప్లేటులో పెంచి చూపించే బతికున్న కల్చర్ లేనిదే కొత్త జాతి అని ఎవరూ ఒప్పుకోరు. ఇక వదిలెయ్యమ్మా అన్నారు సార్, మెల్లగా. తిట్టినా బాగుండేది.

అక్కకు ఫోన్ చేసి మళ్లీ దిగుదామన్నాను. నీళ్లు కాగిపోతున్నాయే, పగడాలన్నీ తెల్లబోయాయి అంది. అయినా వెళ్దాం అన్నాను.

మే 12

సముద్రం అడుగంతా సున్నం కొట్టినట్టుంది. మా పగడమూ అంతే. గాలి అయిపోతోంది, పైకి పదమని అక్క సైగ చేసింది. తల అడ్డంగా ఊపాను. చెయ్యి పట్టుకుని లాగింది. పైకి కాదు, పక్కకి. రాతి చూరు కింద, నీడలో, ఒక పగడం ఇంకా గోధుమరంగులోనే ఉంది.

జూన్ 30

ఆ నీడలోని పగడం జిగురు తెచ్చాను కానీ, ఈసారి ప్లేట్లకు కొన్న ఉప్పు కలిపిన నీళ్లు వాడలేదు. అక్కడి నీళ్లే డబ్బాలతో మోసుకొచ్చి, వడగట్టి, మరిగించి, వాటితోనే ప్లేట్లు పోశాను. నెల మొదట్లో నారింజ చుక్కలు వచ్చాయి. కొత్త ప్లేట్లకు మార్చాను. ఇవాళ వాటిలోనూ పొడిచాయి. సీక్వెన్స్ అదే. సార్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ప్లేటు ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూశారు. ఊపిరి తగులుతుంది సార్, మూత పెట్టండి అన్నాను.

సెప్టెంబర్ 21

దాని మొత్తం డీఎన్ఏ, జీనోమ్ కూడా అదే చెప్పింది. కొత్త జాతే. బాక్టీరియాను భద్రంగా దాచే రెండు దేశాల కల్చర్ బ్యాంకులకు పంపిన ట్యూబులు బతికే చేరాయి. ఇక ఇది నా ఒక్కదాని ఫ్రీజర్‌లోనే లేదు. పడుకుంటాను.

అక్టోబర్ 3, పొద్దున్న

పడవ మీంచి అక్క ఫోన్. తెల్లబోయిన మా పగడం అంచున గోరంత గోధుమరంగు తిరిగొచ్చిందట. మనవాళ్లు ఉన్నారంటావా దాని మీద అని అడిగింది. తెలీదు, పడవ ఆపు, వస్తున్నా అన్నాను.