చెప్పని పాఠానికి ఇచ్చిన సర్టిఫికెట్లు రద్దు చేయుట గురించి

శ్రీయుత సంచాలకులు గారికి,
పశువైద్యుల పునశ్చరణ శిక్షణా విభాగం, హైదరాబాద్.

అయ్యా,

విషయం: నారాయణగూడ ఫంక్షన్ హాల్లో జరిగిన శిక్షణ నుండి మధ్యలో వెళ్లిపోయినందుకు తమరు పంపిన సంజాయిషీ నోటీసుకు జవాబు, ఆ శిక్షణ పేరిట పంచిన సర్టిఫికెట్ల రద్దుకు వినతి.

చిక్కడపల్లిలో పెంపుడు జంతువుల క్లినిక్ నడుపుతున్న పశువైద్యురాలు ఉదయశ్రీ అను నేను మనవి చేసుకొనునది. తమ నోటీసులో "క్రమశిక్షణా రాహిత్యం" అన్న మాట వాడారు. ఆ రోజు జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. ఆ మాట ఎవరికి వర్తిస్తుందో తమరే తేల్చవచ్చును.

1. ప్రాక్టీసులో ఉన్న పశువైద్యులకు కొత్త చికిత్సా పద్ధతులు నేర్పుట ఈ శిక్షణ ఉద్దేశమని ఆహ్వానంలో ఉన్నది. నేను వెళ్లింది ఒక్క పాఠం కోసం. పెద్ద జాతి కుక్కలకు ఒక్కోసారి కడుపు గాలితో ఉబ్బి మెలిపడుతుంది. ముందు గాలి తీయాలి. వెంటనే కోసి మెలిక విప్పి, మళ్లీ తిరగకుండా ఆ కడుపును లోపలి గోడకు కుట్టాలి. ఆలస్యమైతే కుక్క దక్కదు. గాలి తీయడం నాకు వచ్చును. ఆపరేషన్ మాత్రం చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మగా చూసిందే. దాన్ని చేతులతో చేయించి నేర్పుతామని తమరు అచ్చువేశారు కనుక క్లినిక్‌కు తాళం వేసి వచ్చాను.

2. నేర్పవలసినవారు రిటైర్డ్ సర్జన్ సూర్యప్రకాశరావు గారు. అభ్యాసం కోసం మార్కెట్ నుండి పంది కడుపులు తెప్పించి, ఐసు డబ్బాలో పెట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. జ్యోతి వెలిగించారు. స్వాగతం చెప్పారు. ముఖ్య అతిథికి సన్మానం, ఆయన వెంట వచ్చిన బావమరిదికి కూడా సన్మానం. తరువాత ఒక టానిక్ కంపెనీ వారి వీడియో, దాని మీద ప్రశ్నలు, ప్రశ్న అడిగినవారికి బహుమతులు. భోజనాల వేళ కన్వీనర్ శ్రీపతి గారు సూర్యప్రకాశరావు గారితో మైకులోనే, "టైమ్ లేదు సార్, రెండు ముక్కలు మాట్లాడి కానియ్యుర్రి" అన్నారు. "రెండు ముక్కలల్ల కడుపు కుట్టరాదు నాయనా" అని ఆయన డబ్బా ఎత్తుకుని బయటికి నడిచారు.

3. అదే సమయానికి అశోక్ నగర్‌లో పాత పుస్తకాల దుకాణం నడిపే కిషన్ రావు గారు నాకు ఫోన్ చేశారు. ఆయన జర్మన్ షెపర్డ్ పేరు సర్కార్. రోజంతా పడుకుంటుందని, దుకాణానికి వచ్చే హాస్టల్ పిల్లలు పెట్టిన పేరు. "డాక్టరమ్మా, కడుపు డోలు లెక్క ఉబ్బింది. కక్కబోతున్నడు, నురుగు తప్ప ఏం వస్తలేదు. జర జల్ది రావమ్మా" అన్నారు. కుక్కను వెంటనే ఆటోలో నా క్లినిక్ దగ్గరికి తెమ్మన్నాను.

శ్రీపతి గారిని అనుమతి కోరాను. "గేటు దాటితే మధ్యాహ్నం హాజరు వేలిముద్ర పడది మేడం. సర్టిఫికెట్ రాదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌ల ఇబ్బంది అయితది. మీ ఇష్టం" అన్నారు. కుక్క చచ్చిపోతుందని చెప్పాను. "కుక్కలు రోజూ చస్తయి" అన్నారు. పశువైద్యుల సభలో, పశువైద్యుడైన కన్వీనరు అన్న మాట ఇది. తమ నోటీసు కాపీలో ఈ వాక్యం లేదు కనుక ఇక్కడ చేరుస్తున్నాను.

4. గేటు బయట సూర్యప్రకాశరావు గారు ఆటో కోసం నిలబడి ఉన్నారు. విషయం చెప్పగానే "పద" అన్నారు. డబ్బాను కాళ్ల దగ్గర పెట్టి, ఆయనను వెనుక కూర్చోబెట్టుకుని స్కూటీ మీద చిక్కడపల్లి చేరాను. కిషన్ రావు గారు కుక్కను ఆటోలో ఒళ్లో పెట్టుకుని అప్పటికే వాకిట్లో ఉన్నారు. సూది గుచ్చి గాలి తీశాను. మత్తు ఇచ్చి టేబుల్ మీదికి ఎక్కించాక కత్తి పెద్దాయన చేతికి అందించబోతే తీసుకోలేదు.

"నేను పట్టుకుంట. కొయ్యి, తిప్పు, కుట్టు, అన్నీ నువ్వే. రేపు ఇట్లాంటిదే వస్తే నేను నీ పక్కన ఉంటనా?"

నా చేతి మీద చేయి వేసి, ఎక్కడ పట్టాలో, ఎటు తిప్పాలో చూపించారు. మెలిక విడిపోయి కడుపు తన చోటికి జారినప్పుడు నా వేళ్లకు తెలిసింది. ఇన్నేళ్లలో తమ విభాగం నాకు నేర్పనిది అదే. సర్కార్ బతికింది. పుస్తకాల గుట్ట పక్కన యథావిధిగా నిద్రపోతున్నది.

ఇందుకు గాను "శిక్షకుని ప్రలోభపెట్టి తీసుకుపోయినందుకు" నన్ను సంజాయిషీ అడిగారు.

5. అయ్యా, ఇంతవరకే అయితే నేను నోరు మూసుకుని ఉండేదాన్ని. సాయంత్రం వరకు హాల్లో కూర్చున్న ప్రతి డాక్టరుకూ "కడుపు మెలిక శస్త్రచికిత్సలో ప్రత్యక్ష శిక్షణ పొందినారు" అని తమ సంతకంతో సర్టిఫికెట్ ఇచ్చారు. నా పక్కన కూర్చున్న కరుణాకర్‌కూ ఇచ్చారు. కాలేజీలో నా జూనియర్, ఇప్పుడు ఒక మండల ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. పై అధికారులు చెప్పినందున దాన్ని ఆసుపత్రి గోడకు తగిలించాడు.

మొన్న అతని దగ్గరికి గొర్రెలు కాసే బీరయ్య తన మంద కుక్కను భుజాన వేసుకుని తెచ్చాడు. అదే జబ్బు. కరుణాకర్ నాకు ఫోన్ చేశాడు. నేను చెప్పినట్టు గాలి తీశాడు. పట్నం తెచ్చేంత వ్యవధి లేదు. "కోసిన మేడం. ఎక్కడ పట్టి తిప్పాల్నో సమజైతలేదు" అన్నాడు. నాకు తెలిసినంత చెప్పాను. చేతితో నేర్పవలసింది ఫోనులో ఎంత చెప్పగలను? కడకు "పోయింది మేడం" అన్నాడు. తరువాత బీరయ్య గొంతు వినిపించింది.

"సారు, నీకు రాకుంటె గోడకు గా కాయితం ఎందుకు పెట్టినవ్?"

తోడేళ్లు తిరిగే గుట్టల్లో ఆ కుక్కే అతని మందకు కాపలా.  ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది కరుణాకర్ కాదు.

6. కావున నా వినతి. నా సర్టిఫికెట్ నాకు అక్కరలేదు, ఇవ్వకండి. మిగతావారికి ఇచ్చినవి వెనక్కి తీసుకోండి. సూర్యప్రకాశరావు గారిని మర్యాదగా మళ్లీ పిలిచి, మండలాల్లో పనిచేసేవారిని ముందు కూర్చోబెట్టి, ఆ పాఠం చెప్పించండి. ఆ రోజు సన్మానాలు వద్దు. బీరయ్య అడిగినదానికి తమ విభాగం తరఫున ఎవరైనా వెళ్లి ఎదురుగా నిలబడి సమాధానం చెప్పండి.

కోపంతో రాసిన అర్జీయే గాని ఇందులో అబద్ధం లేదు. ఈ ఒక్కసారి చివరిదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
డాక్టర్ ఉదయశ్రీ
చిక్కడపల్లి

తా.క.: పంపే ముందు కరుణాకర్‌కు ఇది చదివి వినిపించాను. ప్రభుత్వ ఉద్యోగి, పైగా కొత్తగా చేరినవాడు. పేరు తీసేయనా అని అడిగాను. "ఉంచుర్రి మేడం. నా ఊరి పేరు గూడ రాయుర్రి, వచ్చేటోళ్లకు తొవ్వ తెల్వాలె గద" అన్నాడు. ఊరి పేరు, బస్సు వివరం కవరు వెనుక రాశాను.