ఇద్దరికి ఒక్కటే పంపు

బుధవారం, నవాగామ్

కోపం ఇంకా దిగలే. మందుల ఖర్చు, పాలసీ అని రెండేండ్ల సంది నేను చదివింది గిందుకా? ఇయ్యాల ఆస్పత్రి మీటింగుల మా గైడ్ మేడం నేను తీసిన లెక్కలే తెర మీద వెట్టింది. "దమ్ము రోగమున్న మగ్గం కార్మికులల్ల సగం మంది మాత్రమే పీల్చే ఇన్‌హేలర్ పంపు తీస్కపోతున్నరు. మిగిలినోళ్లకు అవసరం లేదు. ఫ్రీగ ఇచ్చేది సగం చేద్దాం," అన్నది.

"మేడం, ఒక్క పంపును ఇద్దరు వాడుకుంటరు," అన్న నేను.

"నీ సర్వేల ఉన్నదా అది?"

లేదు. మా ఒంటి అర్ర ఖోలీల ఉన్నది. బాపుది పగటి పాళీ, కాకది రాత్రి పాళీ. ఇద్దరికీ దమ్మే; ఒకటే మంచం, ఒకటే పంపు. ఆస్పత్రికి పోతే ఆ దినం కూలి పోతదని ఒక్కరే పోయి తెస్తరు. మంచం దిగేటోడు పంపు దిండు కింద వెట్టి పోవాలె. ఇయ్యాల కాక మర్చిపోయి జేబుల ఏస్కొని మిల్లుకు పోయిండు.

"ఊకో బిడ్డా, పొద్దుగాల తెస్తడు గదా," అంటుండు బాపు, గోడకు ఆనుకొని, ఆగి ఆగి.

రేపు ఆ రిపోర్టు మీద నేను సంతకం వెట్టాలెనట. బాపు దగ్గినప్పుడల్లా మేడం మాటే చెవులల్ల గింగురుమంటున్నది: అవసరం లేదు.