చక్రం కింద తాటిదుంగ

భట్టిప్రోలు,
మంగళవారం.

ఏంజెల్ వాళ్ళ నాన్నగారికి,

దీవెన వందనాలు. ఈ కాగితం క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టి మీ తమ్ముడు జార్జి చేత పంపుతున్నాను. పెళ్ళయిన నాలుగేళ్ళలో మీ ఎదుట నిలబడి నాలుగు మాటలు కలిపి చెప్పినదాన్ని కాదు. ఇది అసలే చెప్పలేను. ఏడో తరగతి చదువు, తప్పులుంటే మన్నించండి.

నిన్న మధుసూదన్ గారు బండి కొనడానికి బాపట్ల నుంచి వచ్చారు. సముద్రం ఒడ్డున రిసార్టు కడుతున్నారట. మన ముక్కు లారీ చుట్టూ మూడుసార్లు తిరిగారు. వెలిసిన పచ్చరంగు, ముందుకు పొడుచుకొచ్చిన ఇంజను ముక్కు, తలుపు మీద మామయ్యగారు రాయించిన 'బర్నబాస్ అండ్ సన్స్', తుప్పు తిన్న బంపరు, అన్నీ ఫోటోలు తీశారు. "ఆ తుప్పు గోకొద్దమ్మా, అందం అంతా అందులోనే ఉంది. గేటు ముందు నిలబెడతాం" అన్నారు.

జార్జి ఊరుకోలేదు. "మొన్నటిదాకా వడ్ల బస్తాలు మోసిన బండండి ఇది, బొమ్మ కాదు."

"అందుకేగా వచ్చింది! బొమ్మలైతే బజార్లో దొరకవా ఏంటి?" అని ఆయన నవ్వారు.

శనివారం క్రేన్ తెస్తారట. మీరు తెనాలి ఆసుపత్రి మంచం మీద నుంచే సరేనన్నారట. "బండి ముసలిదైపోయింది, దుంగ మీద నుంచి కూడా దూకేసింది" అని అందరికీ చెబుతున్నారట. ఆ మాట విన్నాకే ఈ కాగితం పట్టుకున్నాను.

బండి దూకలేదండి.

మీ కాలు విరిగిన ముందు రోజు వానకు ఇంట్లోకి చీలమండల దాకా నీళ్ళొచ్చాయి. పాప మంచం ఎత్తుదామంటే మూడు ఇటుకలే బాగున్నాయి, నాలుగోది సగం విరిగింది. బండి చక్రం కింది తాటిదుంగ తెచ్చి నాలుగో కోడు కింద పెట్టాను. ఆ విరిగిన ఇటుక చక్రానికి అడ్డం పెట్టాను. మన బండికి హ్యాండ్ బ్రేకు పట్టదని, సెల్ఫ్ కొడితే ఇంజను అందుకోదని, అందుకే కాలవగట్టు వాలులో నిలిపి దుంగ వేస్తామని నాకు తెలియదా? రోజూ మీరు సీట్లో కూర్చుని తల ఊపితే దుంగ లాగి బండిని వాలులో దొర్లించేది నేనే కదా. తెల్లారగానే మార్చేద్దామనుకున్నాను. పాపకు జ్వరం వచ్చి మరిచిపోయాను. మీరు బండి ముందు నిలబడి రేడియేటర్‌లో నీళ్ళు పోస్తుంటే, నానిన ఇటుక పిండైపోయి బండి మీ మీదికి దొర్లింది.

అంతకన్నా పెద్ద పాపం ఆ తర్వాత చేశాను. అందరూ మిమ్మల్ని ఆటోలోకి ఎక్కిస్తుంటే, ఆ ఎర్రపొడిని కాలవలోకి ఊడ్చేసి, దుంగ తెచ్చి చక్రం దగ్గర పడేశాను. తర్వాత వచ్చినవాళ్ళంతా దుంగనే చూశారు.

తప్పు నాది. శిక్ష దానికి వేయకండి. పంపితే నన్ను పంపండి, బండిని పంపకండి.

మీ
దీవెన


గురువారం.

ఏంజెల్ వాళ్ళ నాన్నగారికి,

క్యారియర్ ఖాళీగా వచ్చింది. "మీ అన్నయ్య ఏమన్నారు?" అని జార్జిని అడిగాను. "చదివి గోడకేసి తిరిగి పడుకున్నాడు వదినా" అన్నాడు.

ఒక్క తిట్టయినా రాసి పంపకూడదా?

ఇందాక బండెక్కి కూర్చున్నాను. పెళ్ళయ్యాక రేపల్లె నుంచి నన్ను ఇందులోనే తెచ్చారు. మీకూ మామయ్యగారికీ మధ్య కూర్చుంటే ఇంజను వేడికి నా పాదాలు కాలిపోయాయి. నోరు తెరిచి చెప్పలేకపోయాను. మీరే చూసి, మీ తువ్వాలు మడిచి నా కాళ్ళ కింద వేశారు. ఆ పాదాలతోనే మీ దగ్గర నిలబడాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. అందుకే ఆసుపత్రికి రాలేదు.

క్రేన్ వచ్చేసరికి నేను ఇక్కడ ఉండలేను. రేపు సాయంత్రం పాపను తీసుకుని రేపల్లె వెళ్ళిపోతాను. మళ్ళీ రమ్మంటారో లేదో మీ ఇష్టం.

దీవెన


తెనాలి,
శుక్రవారం, పొద్దున.

దీవెనా,

చేతికి సూది ఉంది, అక్షరాలు వంకరపోతున్నాయి. అయినా జార్జి చేత రాయించడం ఇష్టం లేదు.

పడ్డప్పుడు నా చెంప నేల మీదే ఉంది. ఎర్రపొడి నా కళ్ళముందే ఉంది. దుంగ అక్కడ లేదు. మా అమ్మ నోటికి నువ్వు దొరక్కూడదని బండి దూకిందన్నాను. అది మాట పడగలదు, నువ్వు పడలేవు.

నువ్వు ఆసుపత్రికి రాలేదు. బండి వైపు చూడటం కూడా మానేశావని జార్జి చెప్పాడు. దాన్ని చూసినప్పుడల్లా నీ ప్రాణం పోతోందనుకుని అమ్ముతానన్నాను. లేకపోతే నాన్న పేరున్న బండిని నేను అమ్ముతానా?

గోడకేసి తిరిగింది కోపంతో కాదు. పక్క మంచం రంగనాయకులు గారు నా కళ్ళు చూస్తారని.

ఇప్పుడే మధుసూదన్ గారికి ఫోన్ చేసి, "తిరిగే బండిని గేటుకు కట్టెయ్యలేనండి" అని చెప్పేశాను. కాలు నిలదొక్కుకోడానికి మూడు నెలలు పడుతుందన్నారు డాక్టరు గారు. అప్పటిదాకా జార్జి తోలతాడు. వాడు తొందర మనిషి, దుంగ మాత్రం వాణ్ణి ముట్టుకోనివ్వకు. వెయ్యడమూ నువ్వే, తియ్యడమూ నువ్వే.

రేపల్లె వెళ్ళకు. పాప మంచానికి నాలుగు కొత్త ఇటుకలు తెమ్మని జార్జికి చెప్పాను.

జాన్సన్