కోయకుండా సమర్పించిన పువ్వు

పోలవరం, 12-10-2006

చి॥ ఉమామహేశ్వరరావుకు నాన్న ఆశీస్సులు. నేనూ, హరిణీ కులాసా.

కొండల వెంట తిరిగే చదువు మాన్పించి, నీ కూతురిని ఏలూరు తీసుకురమ్మని నన్ను పంపావు. నశించిపోయిందని శాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చేసిన కొండపువ్వును నిన్న మన హరిణి రాతిసందులో కనుగొన్నది. పూజకని నేను చేయి చాపాను.

"కోయకండి తాతయ్యా, ఉన్నది ఈ ఒక్క మొక్కేనండి."

"మరి స్వామికో?"

"ఇన్నాళ్లూ దాచుకున్నది ఆయనే కదండీ."

ఇన్ని భాష్యాలు చదివినా నాకు తట్టని మాట అది. పువ్వు మొక్కన ఉండగానే స్వామికి సమర్పించాను.

విత్తనం కట్టేవరకు హరిణి కదలదు. రమ్మనడానికి నాకు నోరు రాలేదు. శనివారం నేనొక్కడినే వస్తాను. దానికి ఉన్నిశాలువ పంపు. మీ అమ్మ కంటిలో చుక్కలు వేసుకుంటున్నదా?

మీ అందరికీ, ఆ మొక్కకూ పూర్ణాయుష్షు కలగాలి.

మీ నాన్న